ఆఫీసు సర్వర్‌లో ఉన్న మైఎస్‌క్యూఎల్‌ని క్లౌడ్‌కి మార్చడం ఎలా

నెలకి ఇద్దరో ముగ్గురో ఇదే అడుగుతున్నారు. "అన్నా, మా డేటాబేస్ ఆఫీసులో మూలనున్న సర్వర్‌లో ఉంది, ఓనర్ క్లౌడ్‌కి మార్చేయమంటున్నాడు, ఎక్కడ మొదలెట్టాలి?" అని. వాట్సాప్‌లో ఒక్కొక్కళ్ళకీ టైప్ చేసి చేసి వేళ్ళు నొప్పెట్టి అంతా ఒకచోట రాసేస్తున్నా, ఇకమీద ఇదే పంపిస్తా.

ముందే ఒక మాట. డేటా మోయడం ఒక్క రాత్రి పని, కష్టం దాంట్లో లేదు. ఆ పాత పీసీ ఇన్నేళ్ళుగా మనకి చెప్పకుండా చేసిపెడుతున్న పనులు కొన్ని ఉంటాయి, టైం ఇండియా టైమే అవ్వడం, టేబుల్ పేరు పెద్దక్షరాల్లో రాసినా చిన్నక్షరాల్లో రాసినా ఊరుకోవడం, రిపోర్టు దానంతటదే వరసలో రావడం, పక్కనే ఉంది కాబట్టి క్వెరీ (డేటాబేస్‌ని అడిగే ప్రశ్న) చిటికెలో తిరిగి రావడం, ఇవన్నీ మనం అడక్కుండానే జరిగేవి, క్లౌడ్‌కి వెళ్ళిన మర్నాడు ఒక్కొక్కటే ఆగిపోతాయి. కింద రాసిన స్టెప్పుల్లో సగం వాటి గురించే.

నేను చెప్పేదంతా అమెజాన్ ఆర్డీఎస్ (అమెజాన్ తన క్లౌడ్‌లో నడిపి అద్దెకిచ్చే డేటాబేస్) మీద, ఎందుకంటే నేను ఎక్కువగా చేసింది అదే. అజూర్‌లో, గూగుల్ క్లౌడ్ ఎస్‌క్యూఎల్‌లో బటన్లు వేరే చోట ఉంటాయి గానీ దెబ్బలు తగిలే చోట్లు దాదాపు ఇవే. ఉదాహరణకి ఒక పాల డెయిరీ పని తీసుకుంటున్నా, పేరు వద్దులెండి. ఊళ్ళల్లో సేకరణ కేంద్రాలు, పొద్దునా సాయంత్రం రైతులు పాలు పోస్తారు, లీటర్లు, ఫ్యాట్, ఎస్ఎన్ఎఫ్ (పాలలో వెన్న కాకుండా ఉండే ఘనపదార్థం) ఎంట్రీ కొడతారు, పదిహేను రోజులకోసారి బిల్లు. మేనేజర్ గదిలో బీరువా పక్కన ఒక విండోస్ పీసీ, దాంట్లో మైఎస్‌క్యూఎల్ 5.7 (ఎంట్రీలన్నీ దాచే డేటాబేస్), దాని మీదే పీహెచ్‌పీ అనే భాషలో రాసిన సాఫ్ట్‌వేర్.

అసలు ఎందుకు మారుస్తున్నారు

పెద్ద పెద్ద కారణాలు చెప్తుంటారు గానీ నేను చూసినంతవరకు చిన్న బిజినెస్‌లు మారేది ఈ మూడు నాలుగింటికే. యూపీఎస్ బ్యాటరీ చచ్చి, కరెంటు పోయినప్పుడు డేటాబేస్ పాడవడం. బ్యాకప్ అదే హార్డ్ డిస్క్‌లో డీ డ్రైవ్‌లో ఉండటం. సర్వర్ చూసుకునే కుర్రాడు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోవడం, పాస్‌వర్డ్ అతనితోపాటే వెళ్ళిపోవడం. రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకి తాళమేసి డబ్బడిగే వైరస్. వీటికి తోడు మైఎస్‌క్యూఎల్ 5.7కి 2023 అక్టోబర్‌తోనే సపోర్ట్ అయిపోయింది, సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇక రావు.

పెద్ద కంపెనీలకైతే లైసెన్సు ఖర్చు అసలు కారణం. అమెజాన్ వాళ్ళే తమ సొంత పనికి వాడుకుంటున్న దాదాపు 7,500 ఒరాకిల్ డేటాబేస్‌లని, మొత్తం 75 పెటాబైట్ల డేటా, తమ క్లౌడ్ డేటాబేస్‌లకి మార్చేశామని 2019 అక్టోబర్‌లో ప్రకటించారు, ఖర్చు 60 శాతం పైగా తగ్గిందన్నారు. అమ్మేవాడు చెప్పే లెక్క కాబట్టి కొంచెం చూసి నమ్మండి, పైగా మన డెయిరీ మైఎస్‌క్యూఎల్ ఫ్రీయే కదా, లైసెన్సులో మిగిలేదేం లేదు. చిన్నవాళ్ళకి క్లౌడ్ వల్ల ఖర్చు తగ్గుతుందని నేనెప్పుడూ చెప్పను, చాలాసార్లు పెరుగుతుంది. తగ్గేది భయం.

మీ ఆఫీసులో ఇంటర్నెట్ రోజుకి నాలుగుసార్లు పోతుందా? సాఫ్ట్‌వేర్ వాడేది ఆ ఒక్క ఆఫీసులోనేనా? అయితే మార్చకండి. రోజూ బ్యాకప్ తీసి క్లౌడ్ స్టోరేజ్‌కి పంపే చిన్న ఏర్పాటు చాలు మీకు, ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

ఏమేం కావాలి

- పాత డేటాబేస్ రూట్ (అన్ని హక్కులూ ఉన్న యూజర్) పాస్‌వర్డ్. నవ్వకండి, సగం పనులు ఇక్కడే ఆగుతాయి.
- సాఫ్ట్‌వేర్ సోర్స్ కోడ్, లేదా కనీసం దాన్ని రాసినవాడి ఫోన్ నంబర్. కోడ్ మార్చలేని పరిస్థితి అయితే ముందు అది తేల్చుకోండి.
- క్లౌడ్ అకౌంట్, కంపెనీ మెయిల్ ఐడీతో, జీఎస్టీ నంబర్ ఎక్కించి. ఉద్యోగి సొంత మెయిల్‌తో తెరవద్దు.
- ఆఫీసుకి స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ అడ్రస్), లేకపోతే వీపీఎన్ (ఆఫీసు నుంచి క్లౌడ్‌కి ప్రైవేటు దారి).
- ఒక రిహార్సల్‌కి రెండు మూడు రోజులు, అసలు మార్పుకి ఒక రాత్రి.
- లెక్కలు నోటికి తెలిసిన మనిషి ఒకరు. డెయిరీలో ఆయన క్యాషియర్, టోటల్ చూసి తేడా ఉందో లేదో చెప్పేస్తాడు, ఏ టూలూ ఆయనకి సాటి రాదు.

కమాండ్ల పేర్లు, ఆప్షన్లు పలికేట్టు తెలుగులో రాస్తున్నా, టైప్ చేసేటప్పుడు స్పెల్లింగ్ మైఎస్‌క్యూఎల్ మాన్యువల్‌లో చూస్కోండి.

1. ముందు లెక్క తీయండి

మొదట సెలెక్ట్ వెర్షన్ అని కొట్టి చూడండి. గ్జాంప్ (పీహెచ్‌పీ, డేటాబేస్ అన్నీ కలిపి వచ్చే ప్యాకేజీ) ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్ళకి చాలామందికి తెలీనిది ఏంటంటే, దాంట్లో 2015 నుంచి వచ్చేది మైఎస్‌క్యూఎల్ కాదు, దాన్నుంచే పుట్టిన మరియాడీబీ. వెర్షన్‌లో మరియా అని కనిపిస్తే ఆర్డీఎస్‌లో కూడా మరియాడీబీనే ఎంచుకోండి, రెండూ ఒకటే అనుకుని దాన్ని మైఎస్‌క్యూఎల్ 8లోకి ఎక్కించబోతే కొలేషన్ల (అక్షరాలని పోల్చే, వరసపెట్టే నియమాలు) దగ్గరే మొదలవుతుంది గొడవ.

తర్వాత ఏ టేబుల్ ఏ ఇంజిన్‌లో (డేటాని దాచే పద్ధతి) ఉందో చూడండి. మైఐసామ్ అని ఉన్నవాటిని ముందే ఇన్నోడీబీకి మార్చుకోండి, క్లౌడ్‌లో ఆటోమేటిక్ బ్యాకప్ నమ్మకంగా పనిచేసేది ఇన్నోడీబీకే.

ఇప్పుడు అసలైంది. ఈ డేటాబేస్‌కి ఎవరెవరు కనెక్ట్ అవుతున్నారు? ఓనర్‌ని అడిగితే "మన సాఫ్ట్‌వేర్ ఒక్కటే" అంటాడు, నమ్మకండి. రెండ్రోజులపాటు గంటకోసారి షో ప్రాసెస్‌లిస్ట్ కొట్టి రాసుకోండి. డెయిరీలో ఇలా చూస్తే బయటపడ్డవి: అకౌంటెంట్ గారి ఎక్సెల్ ఓడీబీసీతో నేరుగా డేటాబేస్‌కే కట్టి ఉంది, తెల్లారి టోటల్‌ని ఎస్ఎంఎస్ పంపే ఒక బ్యాచ్ ఫైల్ విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో ఉంది. రెండిటి సంగతీ ఆఫీసులో ఇంకెవరికీ తెలీదు. ఆ అకౌంటెంట్ గారు "అది నేనెప్పుడో పెట్టించుకున్నా బాబూ, దాన్ని మాత్రం కదిలించకు" అన్నారు.

2. వెర్షన్ ఏది, రీజియన్ ఏది

"5.7లోనే ఉంచేద్దాం, రిస్క్ ఎందుకు" అంటారు. ఆర్డీఎస్‌లో 5.7కి 2024 మార్చి నుంచి ఎక్స్‌టెండెడ్ సపోర్ట్ పేరుతో వీసీపీయూకి (అద్దె ప్రాసెసర్‌కి) గంటకింత అని అదనంగా వసూలు చేస్తున్నారు, అంటే పాతదాంట్లో ఉన్నందుకు జరిమానా అన్నమాట. 8.0కి కూడా మైఎస్‌క్యూఎల్ సపోర్ట్ గడువు 2026 ఏప్రిల్ వరకే. కాబట్టి కొత్తగా వెళ్ళేవాళ్ళు 8.4కే వెళ్ళండి, ఒకేసారి పడదాం నొప్పి.

రీజియన్ (డేటా సెంటర్లున్న ప్రాంతం) విషయంలో, అమెజాన్‌కి ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి డేటా సెంటర్లున్నాయి. హైదరాబాద్ దగ్గర కదా అని గుడ్డిగా ఎంచుకోకండి, మీకు కావాల్సిన ఇన్‌స్టెన్స్ (అద్దెకి తీసుకునే డేటాబేస్ సర్వర్) రకం అక్కడుందా, రేటెంత, మీ ఆఫీసు నెట్ నుంచి ఎన్ని మిల్లీసెకన్లు పడుతోందో రెండిటికీ కొలిచి చూడండి. మన నెట్ కంపెనీల రూటింగ్ పుణ్యమా అని విజయవాడ నుంచి హైదరాబాద్‌కి వెళ్ళే ప్యాకెట్ ముంబై తిరిగి వచ్చినా ఆశ్చర్యపోవద్దు. పేమెంట్లకి సంబంధించిన డేటా ఉంటే ఇండియాలోనే ఉండాలని రిజర్వ్ బ్యాంక్ 2018లోనే చెప్పింది, తక్కువ రేటు చూసి సింగపూర్ వెళ్ళకండి.

సైజు దగ్గర ఒక జాగ్రత్త. టీ3, టీ4జీ లాంటి చవక ఇన్‌స్టెన్స్‌లు సీపీయూ క్రెడిట్ల (ఖాళీగా ఉన్నప్పుడు పోగై, పనిచేసేటప్పుడు ఖర్చయ్యే కోటా) మీద నడుస్తాయి, రోజంతా ఖాళీగా ఉండి అప్పుడప్పుడు పనిచేసే డేటాబేస్‌కి బంగారంలా ఉంటాయి, ఎప్పుడూ బిజీగా ఉండేదానికి వద్దు. డిస్క్ తక్కువతో మొదలెట్టండి, పెంచడం తేలిక, నేరుగా తగ్గించడం కుదరదు.

3. ఇన్‌స్టెన్స్ చేసే ముందే పారామీటర్ గ్రూప్

ఈ స్టెప్ వదిలేసి డైరెక్ట్‌గా "క్రియేట్ డేటాబేస్" నొక్కేవాళ్ళే ఎక్కువ. ఆగండి. ముందు కొత్త పారామీటర్ గ్రూప్ (డేటాబేస్ సెట్టింగుల జాబితా) ఒకటి చేసి ఇవి పెట్టండి.

*లోయర్ కేస్ టేబుల్ నేమ్స్ = 1.* పాతది విండోస్ అయితే తప్పనిసరి. విండోస్‌లో ఫార్మర్స్ అని కేపిటల్ ఎఫ్‌తో రాసినా స్మాల్ ఎఫ్‌తో రాసినా ఒకటే, ఆర్డీఎస్ వెనకాల ఉన్నది లైనక్స్, దానికి ఇవి రెండు వేర్వేరు టేబుళ్ళు. కోడ్‌లో ఒకచోట అలా, ఇంకోచోట ఇలా రాసి ఉంటారు, కచ్చితంగా ఉంటారు. ఈ సెట్టింగ్ ఇన్‌స్టెన్స్ పుట్టేటప్పుడే ఉండాలి, తర్వాత మార్చడం కుదరదు, మర్చిపోతే డిలీట్ చేసి మళ్ళీ చేసుకోవడమే.

*టైం జోన్ = ఏషియా/కలకత్తా.* ఆర్డీఎస్ మామూలుగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక టైం) నడుస్తుంది, మనకంటే 5:30 గంటలు వెనక. ఇది నేను మర్చిపోయిన స్టెప్. కథ వినండి.

శనివారం రాత్రి మార్చాం, అన్నీ చెక్ చేశాం, పడుకున్నాం. ఆదివారం పొద్దున ఐదుంబావుకి ఫోన్. "సార్, ఈయన నిన్న సాయంత్రమే పాలు పోసేశాడు, మళ్ళీ పొయ్యకూడదు అంటోంది సిస్టం. క్యాను నా ముందే ఉంది." లేచి చూస్తే డూప్లికేట్ ఎంట్రీ, 1062 ఎర్రర్. సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందంటే నౌ ఫంక్షన్‌తో టైం తీసుకుని, పన్నెండు లోపయితే ఉదయం షిఫ్ట్, దాటితే సాయంత్రం షిఫ్ట్ అని వేసుకుంటుంది, రైతు కోడ్, తేదీ, షిఫ్ట్ మూడూ కలిపి యునీక్, అంటే అవే మూడు రెండోసారి ఎక్కవు. ఆదివారం పొద్దున 5:10 అంటే యూటీసీలో శనివారం రాత్రి 11:40, అంటే శనివారం సాయంత్రం షిఫ్ట్! ఆ రైతు శనివారం సాయంత్రం నిజంగానే పోశాడు కాబట్టి ఎర్రర్ వచ్చింది. నేను లాప్‌టాప్ తెరిచి తలగోక్కుంటుంటే 5:30 అయ్యింది, యూటీసీలో ఆదివారం వచ్చేసింది, ఎర్రర్ దానంతటదే పోయింది. "ఇప్పుడు తీసుకుంటోంది సార్" అని ఫోన్ పెట్టేశాడు. నెట్ సమస్య అనుకుని నేనూ పడుకున్నా, అదే నా అసలు తప్పు. సాయంత్రం ఐదింటికి మళ్ళీ మొదలైంది, ఈసారి ఉదయం షిఫ్ట్‌లో డూప్లికేట్ అని, సరిగ్గా 5:30కి మళ్ళీ మాయం. అప్పుడు వెలిగింది.

ఎర్రర్ వచ్చినవాళ్ళు నయం, కనీసం గొడవ చేశారు. శనివారం సాయంత్రం పొయ్యని రైతులవి ఎర్రర్ ఏమీ లేకుండా తప్పు తేదీలో, తప్పు షిఫ్ట్‌లో నిశ్శబ్దంగా ఎక్కేశాయి, వాటిని కేంద్రాల చిట్టాలు తెప్పించి ఒక్కొక్కటే సరిచెయ్యాల్సొచ్చింది. ఏదైనా సమస్య సరిగ్గా 5:30 దగ్గర మొదలైనా, ఆగినా టైం జోనే, ఇంకేం వెతకకండి.

*లాగ్ బిన్ ట్రస్ట్ ఫంక్షన్ క్రియేటర్స్ = 1.* స్టోర్డ్ ఫంక్షన్లు, ట్రిగ్గర్లు (డేటాబేస్ లోపలే రాసిపెట్టిన కోడ్) ఉంటేనే. లేకపోతే లోడ్ చేసేటప్పుడు 1419 ఎర్రర్ వస్తుంది.

*క్యారెక్టర్ సెట్ = యూటీఎఫ్8ఎంబీ4.* అన్ని భాషల అక్షరాలూ పట్టే కోడింగ్ ఇది, తెలుగు గురించి కింద వేరే రాశా.

4. ఇన్‌స్టెన్స్ చెయ్యండి

ఆ పారామీటర్ గ్రూప్ ఎంచుకున్నారో లేదో రెండుసార్లు చూస్కోండి. పబ్లిక్ యాక్సెస్ నో. సెక్యూరిటీ గ్రూప్‌లో (ఎవరిని రానివ్వాలో చెప్పే జాబితా) మైఎస్‌క్యూఎల్ వాడే 3306 పోర్ట్ మీ స్టాటిక్ ఐపీకి, మీ యాప్ సర్వర్‌కి మాత్రమే. వీపీఎన్ లేకుండా ఆఫీసు నుంచి నేరుగా కనెక్ట్ అవ్వాల్సొస్తే పబ్లిక్ యాక్సెస్ యెస్ పెట్టక తప్పదు, అప్పుడు కూడా ఆ ఒక్క ఐపీకే, ఎన్‌క్రిప్షన్‌తో. "టెస్టింగ్ కదా" అని లోకమంతటికీ తెరిచిపెట్టే అలవాటు ఉంటే మానుకోండి, బాట్‌లు వచ్చి పాస్‌వర్డ్‌లు గెస్ చెయ్యడానికి ఎంతోసేపు పట్టదు.

బ్యాకప్ రిటెన్షన్ 7 రోజులకి తక్కువ వద్దు, 35 దాకా పెట్టుకోవచ్చు. డిలీషన్ ప్రొటెక్షన్ ఆన్. మల్టీ ఏజెడ్ ఆన్ చేస్తే ఒక డేటా సెంటర్ పడిపోయినా ఇంకోటి అందుకుంటుంది, ఖర్చు దాదాపు రెట్టింపు. డెయిరీకి అక్కర్లేదన్నాం, హాస్పిటల్ అయితే కావాలంటాను.

5. రిహార్సల్ డంప్

డంప్ అంటే డేటాబేస్ మొత్తాన్ని ఒక ఫైల్‌గా తీయడం, మైఎస్‌క్యూఎల్‌డంప్‌తో తీయండి. కావాల్సిన ఆప్షన్లు: సింగిల్-ట్రాన్సాక్షన్, రొటీన్స్, ట్రిగ్గర్స్, ఈవెంట్స్, డిఫాల్ట్-క్యారెక్టర్-సెట్ యూటీఎఫ్8ఎంబీ4. రొటీన్స్, ఈవెంట్స్ మనం అడక్కపోతే రావు, ప్రొసీజర్లు లేని డేటాబేస్ మోసుకెళ్ళి మర్నాడు బిల్లు ప్రొసీజర్ ఏదీ అని వెతికినవాళ్ళు చాలామంది.

వచ్చే ఎర్రర్లు దాదాపు ఇవే:

- పాత 5.7 సర్వర్ నుంచి కొత్త 8 వెర్షన్ డంప్ టూల్‌తో తీస్తే కాలమ్ స్టాటిస్టిక్స్ టేబుల్ లేదని అరుస్తుంది. కాలమ్-స్టాటిస్టిక్స్ = 0 అని ఇవ్వండి.
- లోడ్‌లో 1227, సూపర్ ప్రివిలేజ్ కావాలి అని. ఆర్డీఎస్‌లో మీకు సూపర్ ఎప్పటికీ ఇవ్వరు, మాస్టర్ యూజర్‌కి కూడా. డంప్ ఫైల్‌లో డిఫైనర్ అని రూట్ పేరు రాసి ఉన్న ముక్కలు తీసేయండి. జీటీఐడీ (ప్రతి మార్పుకీ ఇచ్చే గుర్తింపు నంబరు) వాడుతుంటే సెట్-జీటీఐడీ-పర్జ్‌డ్ ఆఫ్ పెట్టి తీయండి.
- విండోస్ పవర్‌షెల్‌లో "గ్రేటర్ దాన్" గుర్తుతో ఫైల్‌లోకి పంపకండి. అది ఫైల్‌ని యూటీఎఫ్-16లో రాసిపెడుతుంది, లోడ్ అవ్వదు. రిజల్ట్-ఫైల్ ఆప్షన్ వాడండి, లేదా పాత కమాండ్ ప్రాంప్ట్‌లో చెయ్యండి. దీని మీద ఒక పూట పోగొట్టుకున్నా.
- తేదీ కాలమ్‌లో అన్నీ సున్నాలున్న రో దగ్గర ఆగిపోవచ్చు. వాటిని పాతదాంట్లోనే నల్ చేసి మళ్ళీ తీయండి.

డంప్ ఎంతసేపు పట్టింది, అప్‌లోడ్, లోడ్ ఎంతసేపు, అన్నీ కాగితం మీద రాసుకోండి. అసలు రాత్రి మీరు ఎన్నింటికి మొదలెట్టాలో చెప్పేది ఆ కాగితమే. డెయిరీకి టైం ఇచ్చేది రాత్రి తొమ్మిది నుంచి తెల్లారి నాలుగు దాకానే, ఆపైన పాలు ఆగవు.

డేటా వందల జీబీ ఉండి ఒక రాత్రిలో అవ్వదనిపిస్తే బిన్‌లాగ్ రెప్లికేషన్ (పాతదాంట్లో పడే ప్రతి మార్పునీ కొత్తదానికి పంపే ఏర్పాటు) పెట్టుకుని రెండూ ఒకదానికొకటి సమానంగా నడిచేలా చేసి అప్పుడు మార్చాలి. డేటాబేస్‌లు మార్చడానికే అమెజాన్ డీఎంఎస్ టూల్ ఉందిగా అంటారు, ఉంది, కాకపోతే అది టేబుల్స్, ప్రైమరీ కీలు చేసి డేటా పోస్తుంది, మిగతా ఇండెక్స్‌లు (త్వరగా వెతకడానికి పెట్టుకునే పట్టికలు), ఆటో ఇంక్రిమెంట్, డిఫాల్ట్ వేల్యూలు మీరే చూసుకోవాలి. అది తెలీక "క్లౌడ్ స్లో" అని తిట్టుకున్నవాళ్ళున్నారు, ఇండెక్స్‌లు లేకపోతే ఎక్కడైనా స్లోనే.

6. తెలుగు సరిగ్గా వచ్చిందా

మన పేర్లు తెలుగులో ఉన్న డేటాబేస్ అయితే ఇక్కడ కాసేపు కూర్చోండి. పాత సాఫ్ట్‌వేర్లు చాలావాటిల్లో కనెక్షన్ లాటిన్1లో (ఇంగ్లీషు లాంటి యూరప్ భాషల కోడింగ్) ఉండి, తెలుగు లోపలికి వంకరగా వెళ్ళి, బయటికొచ్చేటప్పుడు అదే వంకరలో తిరిగొచ్చి స్క్రీన్ మీద సరిగ్గానే కనిపిస్తూ ఉంటుంది. ఎనిమిదేళ్ళు ఎవరికీ తెలీదు. కొత్త కనెక్షన్ యూటీఎఫ్8ఎంబీ4 అవ్వగానే వెంకటేశ్వర్లు కాస్తా టోపీ పెట్టిన ఏ, గుండ్రాలు, చుక్కలు అయిపోతాడు.

స్క్రీన్‌ని నమ్మకండి, లోపల నిజంగా ఉన్న బైట్లు చూపించే హెక్స్ ఫంక్షన్‌తో చూడండి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షరం, గుణింతం గుర్తు విడివిడిగా మూడేసి బైట్లు, "అ" అయితే ఈ0 బీ0 85. మొదటి రెండు ఎప్పుడూ ఈ0 బీ0 గానీ ఈ0 బీ1 గానీ అవ్వాలి. పాత డేటాబేస్‌లో హెక్స్ చూసినప్పుడు:

- ఈ0 బీ0 అని ఉండి, కాలమ్ యూటీఎఫ్8 అయితే హాయిగా ముందుకెళ్ళండి.
- ఈ0 బీ0 అనే ఉంది గానీ కాలమ్ లాటిన్1 అని ఉందంటే, డంప్ తీసేటప్పుడే పాడవుతుంది. ఆ కాలమ్‌ని ముందు బ్లాబ్‌కి (ముడి బైట్లుగా దాచే రకం), తర్వాత యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్‌కి మార్చండి, నేరుగా మార్చకండి.
- సీ3 ఏ0 సీ2 బీ0 అని మొదలైతే రెండుసార్లు ఎన్‌కోడ్ అయ్యి కూర్చుంది. కన్వర్ట్‌తో లాటిన్1కి, కాస్ట్‌తో బైనరీకి, మళ్ళీ కన్వర్ట్‌తో యూటీఎఫ్8ఎంబీ4కి, ఈ వరసలో తిప్పాలి.
- 3ఎఫ్ 3ఎఫ్ 3ఎఫ్ అని ఉంటే అవి నిజమైన ప్రశ్నార్థకాలే, డేటా ఎప్పుడో పోయింది, రైతుల పాస్‌బుక్కులు చూసి మళ్ళీ కొట్టుకోవడమే.

ఇదంతా కాపీ మీద చెయ్యండి, అసలుదాని మీద కాదు. ఒకే టేబుల్‌లో సగం పేర్లు ఒక రకం, సగం ఇంకో రకం ఉండటం కూడా మామూలే, మధ్యలో ఎవరో సాఫ్ట్‌వేర్ మార్చుంటారు.

ఇంకోటి, 8లో డిఫాల్ట్ కొలేషన్ మారింది. పాతవాటికి చివర్లో స్పేస్ ఉన్నా లేకపోయినా ఒకటే, 0900 అని ఉన్న కొత్తవాటికి కాదు. యూజర్‌నేమ్ చివర ఎప్పుడో పడ్డ స్పేస్ వల్ల ఒక్క మనిషికే లాగిన్ అవ్వదు, మీరు నెట్‌వర్క్ అంతా వెతుకుతారు. లోడ్ అయ్యాక ట్రిమ్ చేసేయండి.

7. సాఫ్ట్‌వేర్‌ని కొత్తదానికి చూపించి నడపండి

దీనికి ముందు మైఎస్‌క్యూఎల్ షెల్‌లో అప్‌గ్రేడ్ చెకర్ ఉంటుంది, పాత డేటాబేస్ మీద నడపండి, ఏవేవి విరుగుతాయో చాలావరకు అదే చెప్తుంది. అది మీ డేటాబేస్‌ని చూస్తుంది గానీ మీ పీహెచ్‌పీ ఫైళ్ళని చూడదని గుర్తుంచుకోండి.

8లో ర్యాంక్ అనేది రిజర్వ్‌డ్ పదం, అంటే డేటాబేస్ తనకే ఉంచుకున్నది. మన దగ్గర ఏ స్కూల్, ఏ కోచింగ్ సెంటర్ డేటాబేస్‌లో ర్యాంక్ కాలమ్ లేకుండా ఉంటుంది చెప్పండి? క్వెరీల్లో దానికి రెండు వైపులా బ్యాక్‌టిక్‌లు (` గుర్తు) పెట్టాలి, లేదా పేరు మార్చాలి. గ్రూప్స్, సిస్టం కూడా ఇదే బాపతు.

గ్రూప్ బై. 5.7లో గ్రూప్ బై (ఒక్కొక్కరి ఎంట్రీలు కలిపి మొత్తం తీసేది) రాస్తే అదే వరసలో సార్ట్ అయ్యి వచ్చేది, 8 నుంచి ఆ గ్యారంటీ తీసేశారు. డెయిరీలో బిల్లు స్లిప్పులు రైతు కోడ్ వరసలో ప్రింటయ్యేవి, మార్చాక చెల్లాచెదురుగా వచ్చాయి, క్యాషియర్ కవర్లన్నీ నేల మీద పరుచుకుని సర్దుకున్నాడు. గ్రూప్ బై ఉన్న ప్రతిచోటా ఆర్డర్ బై రాయండి.

పీహెచ్‌పీ 7.4 కన్నా పాతదైతే కొత్త లాగిన్ పద్ధతి దానికి అర్థం కాదు, అథెంటికేషన్ మెథడ్ తెలీదంటుంది. దాన్ని ముందు అప్‌డేట్ చెయ్యండి.

ఇక దూరం. డేటాబేస్ అదే పీసీలో ఉన్నప్పుడు ఒక క్వెరీకి అర మిల్లీసెకను అనుకోండి, క్లౌడ్‌కి వెళ్ళొస్తే 20 మిల్లీసెకన్లు. ఒక్క స్క్రీన్‌కి తేడా తెలీదు. బిల్లు రన్‌లో మాత్రం ఆరువేలమంది రైతులకి ఒక్కొక్కరికి నాలుగు క్వెరీలు లూప్‌లో వెళ్తుంటే మొత్తం 24,000, పాతదాంట్లో 12 సెకన్లు, కొత్తదాంట్లో 8 నిమిషాలు. పీహెచ్‌పీ టైమౌట్ అయ్యి మధ్యలో ఆగుతుంది, సగంమందికే బిల్లు పడుతుంది. మందు ఏంటంటే లూప్ తీసేసి ఒకే క్వెరీలో తెచ్చుకోవడం, లేదా సాఫ్ట్‌వేర్‌ని కూడా అదే రీజియన్‌లో చిన్న సర్వర్ మీద పెట్టడం. డేటాబేస్‌ని ఒక్కదాన్నే పంపి సాఫ్ట్‌వేర్‌ని ఆఫీసులో ఉంచుకోవడం నాకైతే నచ్చదు, పెళ్ళాన్ని పుట్టింట్లో వదిలి ఫోన్లో కాపురం చేసినట్టుంటుంది.

8. అసలు రాత్రి

ఎక్కువ వర్ణన అక్కర్లేదు, వరస తప్పకండి.

అందరికీ ముందురోజే చెప్పండి. సాఫ్ట్‌వేర్ ఆపండి. పాత డేటాబేస్‌ని సూపర్ రీడ్ ఓన్లీ (చదవడమే తప్ప రాయడం కుదరకుండా) చెయ్యండి, ఇది చాలా ముఖ్యం, ఎవరో ఒకరు ఎక్కడో విండో తెరిచిపెట్టుకుని ఎంట్రీ కొడతారు. డంప్, లోడ్. కింద చెప్పిన చెక్‌లు. కనెక్షన్ మార్చడం, ఎక్సెల్, బ్యాచ్ ఫైల్‌తో సహా. డేటాబేస్‌కి మీ సొంత డొమైన్‌లో ఒక పేరు పెట్టుకుని అన్నిచోట్లా అదే వాడితే ఇంకోసారి మార్చాల్సినప్పుడు సుఖం, కానీ సర్టిఫికెట్‌లో పేరు సరిచూసే సెట్టింగ్ పెట్టుకున్నవాళ్ళు ఆర్డీఎస్ ఇచ్చిన అసలు పేరే వాడాలి.

వెనక్కి వెళ్ళే టైం ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. "మూడింటికల్లా టోటల్స్ కలవకపోతే పాతదే ఆన్ చేస్తాం" అని. అర్ధరాత్రి రెండున్నరకి ప్రతివాడికీ ఇంకో పది నిమిషాల్లో అయిపోతుందనే అనిపిస్తుంది. కొత్తదాంట్లో కొత్త ఎంట్రీలు పడటం మొదలయ్యాక వెనక్కెళ్తే ఆ ఎంట్రీలు పోతాయి, కాబట్టి నిర్ణయం దానికి ముందే.

9. కలిసిందో లేదో ఎలా చూడాలి

ఇన్ఫర్మేషన్ స్కీమాలో టేబుల్ రోస్ అని చూపించే అంకె వాడకండి, ఇన్నోడీబీకి అది అంచనా మాత్రమే, రెండు వైపులా వేర్వేరు చూపించి కంగారుపెడుతుంది. కౌంట్ స్టార్‌తోనే లెక్కపెట్టండి. అది సరిపోయినా ఆగకండి, రోలు సమానంగా ఉండి లోపల అంకెలు తప్పుండొచ్చు. డెయిరీలో మేం చూసినవి: నెలవారీ లీటర్ల మొత్తం, నెలవారీ డబ్బు మొత్తం, ప్రతి టేబుల్‌లో పెద్ద ఐడీ, చివరి పది ఎంట్రీలు, ప్రొసీజర్లు, ట్రిగ్గర్లు, ఈవెంట్ల సంఖ్య, యాదృచ్ఛికంగా ఇరవై పేర్ల హెక్స్. సెలెక్ట్ నౌ కొట్టి చేతి గడియారంతో పోల్చండి, ఎందుకో ఇప్పుడు చెప్పక్కర్లేదు.

గడిచిపోయిన ఒక బిల్లు పీరియడ్‌ని కొత్తదాంట్లో మళ్ళీ రన్ చేసి పాత ప్రింటుతో పక్కపక్కన పెట్టి చూడటం అన్నిటికన్నా మంచి టెస్ట్. క్యాషియర్‌ని పిలిచేది అప్పుడే.

10. తర్వాత వారం

బ్యాకప్ ఉంది అనుకోకండి, ఒకసారి రీస్టోర్ చేసి చూడండి. పాయింట్ ఇన్ టైం రీస్టోర్ (ఫలానా నిమిషానికి ఎలా ఉందో అలా తిరిగి తేవడం) ఉన్నదాని మీదకి రాదు, కొత్త పేరుతో ఇంకో ఇన్‌స్టెన్స్ పుడుతుంది, నిజంగా అవసరమైన రోజు ఆ సంగతి మొదటిసారి తెలుసుకుంటే చేతులు వణుకుతాయి. దానికెంతసేపు పట్టిందో కూడా ఆ కాగితం మీదే రాయండి.

పాత పీసీని కనీసం రెండు బిల్లు పీరియడ్‌లు రీడ్ ఓన్లీలోనే ఉంచండి, తర్వాత ఆఖరి డంప్ ఒకటి వేరే చోట దాచి, డిస్క్ పూర్తిగా చెరిపి అప్పుడు అమ్ముకోండి. రైతుల బ్యాంక్ అకౌంట్ నంబర్లున్న డిస్క్‌ని పాత సామాన్లవాడికి ఇవ్వకండి.

మొదటి నెల బిల్లు లైను లైనుగా చదవండి. ఇన్‌స్టెన్స్, స్టోరేజ్, బ్యాకప్, బయటికెళ్ళిన డేటా అన్నీ వేరేవేరేగా ఉంటాయి, పైన 18 శాతం జీఎస్టీ. అనుకున్నదానికి ఎక్కువొస్తే ముందు చూడాల్సింది రిహార్సల్ ఇన్‌స్టెన్స్. దాన్ని స్టాప్ చేశాం కదా అంటారు, స్టాప్ చేసినా స్టోరేజ్‌కి మీటర్ తిరుగుతూనే ఉంటుంది, పైగా ఆర్డీఎస్ ఆపిన ఇన్‌స్టెన్స్‌ని 7 రోజుల తర్వాత తనంతట తనే మళ్ళీ ఆన్ చేసేస్తుంది. దాని డిలీషన్ ప్రొటెక్షన్ తీసేసి, ఫైనల్ స్నాప్‌షాట్ అక్కర్లేదని టిక్ పెట్టి, డిలీట్ కొట్టండి. కొట్టే ముందు ఇన్‌స్టెన్స్ పేరు మాత్రం పైకి గట్టిగా చదువుకోండి.